ఫెయిర్ ప్లాన్ తీసుకోండి, కానీ కవరేజీని లోన్ అంకెకి దించకండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. కాలిఫోర్నియాలో, ఎల్ డొరాడో కౌంటీ కొండల వైపు 1986లో కట్టిన ఇల్లు నచ్చింది, ఆఫర్ పెట్టారు, సెల్లర్ ఒప్పుకున్నాడు. కంటింజెన్సీ గడువు, అంటే అడ్వాన్స్ పోకుండా కొనుగోలు నుంచి తప్పుకోగలిగే గడువు, ఇంకా ఎనిమిది రోజులుంది. మూడు ఇన్సూరెన్స్ కంపెనీలు అడ్రస్ వినగానే, కార్చిచ్చు ప్రమాదమని, కుదరదన్నాయి, చివరికి ఒక ఏజెంట్, ఏ కంపెనీ తీసుకోని ఇళ్ళకి పాలసీ ఇచ్చే ఫెయిర్ ప్లాన్ కోట్ పంపాడు, ఆ ప్రీమియం చూసి మీకు గుండె గుభేలుమంది. ఇప్పుడు ఇంటి కవరేజీని 8.8 లక్షల డాలర్ల నుంచి లోన్ ఎంతో అంతకి, అంటే 5.5 లక్షలకి దించేస్తే సరిపోదా, లెండర్‌కి కావలసింది అంతే కదా అంటున్నారు.

దించకండి. లెండర్‌కి అది సరిపోవచ్చు, మీకు సరిపోదు. ఇంకో మాట, చేతిలో రాతపూర్వకంగా పాలసీ ఖాయం కాకుండా కంటింజెన్సీ మాత్రం వదులుకోకండి, రియల్టర్ ఎంత తొందరపెట్టినా సరే. నేను పద్నాలుగేళ్ళుగా ఇక్కడ ఇండిపెండెంట్ బ్రోకర్‌గా పని చేస్తున్నాను, నా సొంత ఇంటికే ఒకసారి నాన్-రెన్యూవల్ ఉత్తరం, అంటే పాలసీ ఇక కొనసాగించేది లేదని, వచ్చింది, అందుకని రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ముందు ఆ అంకెల సంగతి. లోన్ అనేది స్థలం, ఇల్లు కలిపిన ధర మీద తీసుకున్నది, అందులోంచి మీ డౌన్ పేమెంట్ పోయింది. ఇన్సూరెన్స్ చూసేది అది కాదు, కాలిపోయిన ఇంటిని మళ్ళీ అదే చోట కట్టడానికి ఎంతవుతుందన్నది. స్థలం కాలదు కాబట్టి స్థలం ధర అందులో ఉండదు, అలాగే మీరు ఎంత అప్పు చేశారన్నదానికీ కట్టుబడి ఖర్చుకీ ఏ సంబంధమూ లేదు. మీ ఇల్లు 2,200 చదరపు అడుగులు. ఊరికే లెక్క కోసం చదరపు అడుగుకి 400 డాలర్లు అనుకుంటే 8.8 లక్షలు. మీరు 5.5 లక్షలకే పాలసీ తీసుకుని ఇల్లు మొత్తం కాలిపోతే 3.3 లక్షలు జేబులోంచి పెట్టాలి. పైగా క్లెయిమ్ చెక్కు మీ పేరుతో పాటు లెండర్ పేరు మీద కూడా వస్తుంది, వాళ్ళు దాన్ని దగ్గర పెట్టుకుని పని జరిగేకొద్దీ విడతలుగా ఇస్తారు. ఇల్లు లేకపోయినా ఈఎంఐ మాత్రం ఆగదు. లెండర్‌కి మీ అప్పు తీరితే చాలు, మీ ఇల్లు లేచిందా లేదా అన్నది వాళ్ళ బాధ కాదు. అలాగని లెండర్ స్థలం ధర కూడా కలిపి ఇన్సూరెన్స్ తీసుకోమని బలవంతం చేయడానికీ వీల్లేదు, కట్టడం విలువని మించి అడగకూడదని కాలిఫోర్నియా చట్టమే చెప్తుంది.

ఆ 400 కూడా మామూలు రోజుల లెక్క. ఒకే వారంలో వేల ఇళ్ళు కాలితే కాంట్రాక్టర్ దొరకడు, దొరికినా వాడు చెప్పిందే రేటు. 2021 డిసెంబర్ 30న కొలరాడోలో మార్షల్ ఫైర్ వెయ్యికి పైగా ఇళ్ళని ఊడ్చేసినప్పుడు, తర్వాత జనం నెత్తీ నోరూ కొట్టుకున్నది దీని గురించే, పాలసీలో ఉన్న అంకెకి ఇల్లు లేవట్లేదని. అది అడవి కూడా కాదండీ, గడ్డి మైదానం పక్కన ఉన్న మామూలు ఇళ్ళ కాలనీలు.

మీ ఇంటికి ఇంకో చిక్కు ఉంది, 1986 నాటిది కావడం. 2008 నుంచి కార్చిచ్చు ప్రమాదం ఎక్కువున్న చోట కొత్తగా కట్టే ఇళ్ళకి బిల్డింగ్ కోడ్‌లో వేరే నియమాలున్నాయి, కప్పు, వెంట్లు (గాలి ఆడే కన్నాలు), గోడలు, కిటికీలు అన్నిటికీ. 2011 నుంచి కొత్త ఇళ్ళలో ఫైర్ స్ప్రింక్లర్లు తప్పనిసరి. పాత ఇల్లు కాలాక కట్టేది కొత్త కోడ్ ప్రకారమే కట్టాలి. పాలసీ మాత్రం మామూలుగా పాత ఇంటిలాంటి ఇంటికే డబ్బిస్తుంది, ఆ మధ్య తేడా ఇచ్చేది 'ఆర్డినెన్స్ ఆర్ లా' అనే కవరేజీ. కోట్‌లో ఆ లైన్ ఉందా, ఎంత శాతం ఉంది అని అడగండి. చాలామంది ఏజెంట్లు అడిగితే తప్ప చెప్పరు, ఎందుకంటే అది చేర్చగానే ప్రీమియం పెరిగి కస్టమర్ పారిపోతాడని వాళ్ళ భయం.

ఇక ఫెయిర్ ప్లాన్ గురించి. దీన్ని చాలామంది ప్రభుత్వ ఇన్సూరెన్స్ అనుకుంటారు, కాదు. 1968లో పెట్టారు, రాష్ట్రంలో ఇళ్ళ ఇన్సూరెన్స్ చేసే కంపెనీలన్నీ కలిసి నడపాల్సిన సంఘం అది. బయట ఎవరూ ఇవ్వనప్పుడు చివరి దిక్కు. 2024 చివరికి నాలుగున్నర లక్షల పాలసీలు దాటిపోయాయి, అంటే చివరి దిక్కే చాలామందికి మొదటి దిక్కు అయిపోయింది. ఇంటికి గరిష్ఠంగా 30 లక్షల డాలర్ల వరకు ఇస్తుంది, కాబట్టి మీ 8.8 లక్షలకి ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది ఎక్కడంటే, అది ఇంటి ఇన్సూరెన్స్‌లో ముక్క మాత్రమే. ప్రధానంగా నిప్పు, పిడుగు, లోపలి పేలుడు, పొగ, వీటికే. పైపు పగిలి హార్డ్‌వుడ్ ఫ్లోర్ అంతా ఉబ్బిపోతే రూపాయి రాదు. దొంగతనానికి రాదు. ఎవరో మీ మెట్ల మీద జారిపడి కేసు వేస్తే లయబిలిటీ అస్సలు లేదు. ఈ మిగతావన్నీ కవర్ చేసే రెండో పాలసీని 'డిఫరెన్స్ ఇన్ కండిషన్స్' అంటారు, డీఐసీ అని పిలుస్తాం. అది వేరే కంపెనీ దగ్గర కొనుక్కోవాలి. మీకు వచ్చిన కోట్ ఫెయిర్ ప్లాన్ ఒక్కదానిదే అయితే మీ అసలు ఖర్చు మీరు ఇంకా చూడలేదన్నమాట. రెండూ కలిపిన అంకెనే మీ లోన్ ఆఫీసర్‌కి ఇవ్వండి, ఎందుకంటే నెల నెలా కట్టే ఇన్సూరెన్స్ కూడా మీ ఆదాయంతో పోల్చే లెక్కలోకి వస్తుంది, క్లోజింగ్‌కి, అంటే ఇల్లు చేతికొచ్చే రోజుకి, మూడు రోజుల ముందు ఆ లెక్క తప్పి లోన్ ఆగిపోయిన వాళ్ళని చూశాను.

ఫెయిర్ ప్లాన్ కోట్ తెరిచి ఇంకో మాట కోసం వెతకండి: 'యాక్చువల్ క్యాష్ వాల్యూ'. ఆ మాట ఉంటే తరుగు తీసేసి ఇస్తారని. 20 ఏళ్ళ కప్పుకి 20 ఏళ్ళ కప్పు విలువే వస్తుంది, దాంతో కొత్త కప్పు వేయించుకోలేరు. 'రీప్లేస్‌మెంట్ కాస్ట్' ఎండార్స్‌మెంట్ (తరుగు తీయకుండా కొత్తదాని ఖర్చు ఇచ్చే చేర్పు) అదనంగా కొనుక్కోవాలి, కొనుక్కోండి. ప్రీమియం తగ్గించి తీరాల్సిందే అంటే డిడక్టబుల్ (క్లెయిమ్‌లో ముందు మీరే భరించాల్సిన మొత్తం) పెంచండి. చిన్న నష్టం మీరు భరించగలరు, పెద్ద నష్టం భరించలేరు, ఇన్సూరెన్స్ పెద్దదాని కోసమే.

అసలు కంపెనీలు ఇంతగా ఎందుకు పారిపోతున్నాయని కూడా అడిగారు. క్లుప్తంగా చెప్తా. 1988లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 103 ప్రకారం రేటు పెంచాలంటే ఇన్సూరెన్స్ కమిషనర్ ముందుగా ఒప్పుకోవాలి. 2024 చివరి వరకు కార్చిచ్చు నష్టాన్ని గడిచిన ఏళ్ళ సగటు చూసి లెక్కేయాలే తప్ప రాబోయేదాన్ని కంప్యూటర్ మోడల్‌తో అంచనా వేసి అడగడానికి వీలుండేది కాదు. 2017 అక్టోబర్‌లో టబ్స్ ఫైర్ ఆరు లేన్ల హైవే 101ని దాటొచ్చి శాంటా రోసాలో కాఫీ పార్క్‌ని కాల్చేసింది, ఆ వీధుల్ని ఎవరూ ప్రమాదం ఉన్న చోటుగా అనుకోలేదు. ఏడాది తిరిగేసరికి 2018 నవంబర్ 8న క్యాంప్ ఫైర్‌లో ప్యారడైజ్ ఊరు దాదాపు మొత్తం పోయింది, 85 మంది చనిపోయారు, 18 వేలకి పైగా కట్టడాలు. రేటు పెంచుకోలేని కంపెనీ చేయగలిగింది ఒకటే, అమ్మడం మానేయడం. 2023 మేలో స్టేట్ ఫార్మ్ ఇళ్ళకి కొత్త పాలసీలు ఇవ్వడం ఆపేసింది, 2024 మార్చిలో దాదాపు 72 వేల పాలసీలు రెన్యూ చేయనని ప్రకటించింది. 2024 డిసెంబర్‌లో మోడల్స్ వాడటానికి అనుమతిచ్చారు, దానికి బదులుగా ప్రమాదం ఉన్న ప్రాంతాల్లో కూడా కొంత వాటా పాలసీలు ఇవ్వాలని షరతు పెట్టారు. ఇంకా నెల తిరక్కుండానే 2025 జనవరిలో పాలిసేడ్స్, ఈటన్ మంటలు, రెండూ కలిపి 16 వేలకి పైగా కట్టడాలు. ఆ దెబ్బకి ఫెయిర్ ప్లాన్ తన సభ్య కంపెనీల నుంచి వంద కోట్ల డాలర్లు వసూలు చేయాల్సి వచ్చింది, అందులో సగం వరకు ఆ కంపెనీలు తమ కస్టమర్ల మీద వేసుకోవచ్చు. అంటే కొండల్లో లేనివాళ్ళు కూడా కడుతున్నారు. న్యాయమా కాదా అని అడిగితే నా దగ్గర రోజుకో సమాధానం ఉంటుంది, వదిలేయండి.

నా ఇంటి సంగతి చెప్తానన్నాను కదా. పదకొండేళ్ళు ఒకే కంపెనీ, ఒక్క క్లెయిమ్ లేదు. ఒక వేసవిలో ఉత్తరం వచ్చింది, రెన్యూ చేయం అని. ఇక్కడ రూల్ ఏంటంటే కనీసం 75 రోజుల ముందు చెప్పాలి, కారణం రాయాలి. నా ఉత్తరంలో కారణం ఒక్క ముక్కలో ఉంది, 'కార్చిచ్చు ప్రమాదం'. నేను ఫోన్ చేసి నా ఇంటి రిస్క్ స్కోర్ అడిగాను, దాంతో పాటు పైనుంచి తీసిన ఫోటో కూడా పంపించారు. ఆ ఫోటో ఇప్పటికీ దాచుకున్నాను. గోడకి ఆనుకుని జూనిపర్ పొద, నేనే నాటింది, కిటికీ కిందదాకా పెరిగింది. గరాజ్ పక్కన శీతాకాలం కోసం పేర్చిన కట్టెలు. ఇంటి మూలకి తగిలిన చెక్క గేటు. కప్పు మీద రెండు వాలులు కలిసే లోయలో గోధుమరంగు గీత, అది పైన్ ఆకులు, మూడేళ్ళ చెత్త. నేను రోజూ ఆ ఇంటి చుట్టూ తిరిగేవాణ్ణి, ఊళ్ళోవాళ్ళకి సలహాలు చెప్పేవాణ్ణి, నా ఇల్లు మాత్రం నాకు కనబడలేదు.

జూనిపర్ నరికి ఒక కొమ్మని చేత్తో చీల్చి చూశాను. పైన పచ్చగానే ఉంది, లోపలంతా ఎండిపోయిన పుల్లలు, పొడిగా, అగ్గిపుల్లల కట్టలా. ఫైర్ వాళ్ళు దాన్ని పెట్రోలు పొద అని ఎందుకంటారో అప్పుడర్థమైంది. తర్వాత నిచ్చెన వేసి చూరు కింద వెంట్లు చూశాను. పాత ఇళ్ళలో జాలీ కన్నం పావు అంగుళం ఉంటుంది, పెన్సిల్ మొన సులువుగా దూరుతుంది. కార్చిచ్చులో చాలా ఇళ్ళు ఎదురుగా మంట గోడలా వచ్చి కాలవు, నిప్పురవ్వల వల్ల కాలతాయి. గాలికి మైలు పైన ఎగిరొచ్చిన రవ్వ ఆ కన్నంలోంచి అటకలోకి పోయి కూర్చుంటే బయట చెట్టు పచ్చగానే ఉంటుంది, ఇల్లు లోపలినుంచి అంటుకుంటుంది. ప్యారడైజ్ ఫోటోలు చూడండి, బూడిదైన ఇంటి పక్కన ఆకు కూడా మాడని పైన్ చెట్లు నిలబడి ఉంటాయి. అమెరికా ఫారెస్ట్ సర్వీస్‌లో పనిచేసిన శాస్త్రవేత్త జాక్ కోహెన్ దశాబ్దాలుగా చెప్తున్నది అదే, ఇల్లు కాలుతుందా లేదా అన్నది ఇల్లూ దాని చుట్టుపక్కల కొద్ది జాగా తేలుస్తాయి, దూరాన ఉన్న అడవి కాదు.

నేను వెంట్లకి ఎనిమిదో వంతు అంగుళం లోహపు జాలీ వేయించాను, గోడ చుట్టూ ఐదడుగుల మేర పొదలు, చెక్కపొట్టు తీసేసి కంకర పోయించాను, గేటులో ఇంటికి తగిలే భాగం లోహానిది పెట్టాను, కట్టెలు 30 అడుగుల అవతలికి మోశాను. ఫోటోలతో అప్పీల్ చేశాను. 2022 అక్టోబర్‌లో వచ్చిన నియమాల ప్రకారం కంపెనీ మీ ఇంటి రిస్క్ స్కోర్ మీకు చెప్పాలి, తప్పుంటే అప్పీల్ చేసుకోనివ్వాలి, ఇలాంటి పనులు చేసినవాళ్ళకి తగ్గింపు ఇవ్వాలి. ఆ జాబితాని 'సేఫర్ ఫ్రమ్ వైల్డ్‌ఫైర్స్' అంటారు, స్టేట్ ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో ఉంది. అప్పీల్ ఫలితం? పాత కంపెనీ వినలేదు. కానీ అవే ఫోటోలు చూపిస్తే ఇంకో కంపెనీ తీసుకుంది. తగ్గింపు మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి, చేసిన ఖర్చు దాంతో తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. అసలు లాభం, తలుపు మూసినవాడు మళ్ళీ తెరుస్తాడు, అంతకంటే పెద్ద లాభం ఇల్లు మిగలడం.

మీరు కొనబోయే ఇంటి విషయంలో ఇది బేరానికి పనికొస్తుంది. ప్రమాదం ఎక్కువ లేక చాలా ఎక్కువ అని రాష్ట్ర అగ్నిమాపక శాఖ కాల్‌ఫైర్ గుర్తించిన జోన్‌లో ఇల్లు అమ్మేటప్పుడు చుట్టూ ఖాళీ జాగా నియమాలు, అంటే 100 అడుగుల వరకు చేయాల్సిన శుభ్రం, పాటించినట్టు కాగితం ఇచ్చే పద్ధతి 2021 నుంచి ఉంది. సెల్లర్‌ని ఆ కాగితం అడగండి. ఇప్పుడు ఆ ఇంటికి ఇన్సూరెన్స్ ఎవరు చేస్తున్నారో అడగండి, అడ్రస్ ఇప్పటికే వాళ్ళ పుస్తకాల్లో ఉంది కాబట్టి ఒక్కోసారి అదే కంపెనీ కొత్త యజమానిని తీసుకుంటుంది, చాలామంది ఈ ఒక్క ఫోన్ కాల్ చేయరు. క్లూ రిపోర్ట్ కూడా తెప్పించమనండి, ఆ ఇంటి మీద గత ఏడేళ్ళలో పెట్టిన క్లెయిములు అందులో ఉంటాయి. వెంట్లు, పొదలు, గేటు సెల్లర్ చేత చేయించండి లేదా ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

ఎవరైనా బ్రోకర్ 'సర్‌ప్లస్ లైన్స్' కంపెనీ పాలసీ తెస్తే వెంటనే కాదనకండి, వెంటనే సంతకమూ పెట్టకండి. వాటి రేట్లకి రాష్ట్ర ఆమోదం అక్కర్లేదు, అందుకే కష్టమైన ఇళ్ళు కూడా తీసుకుంటాయి, కొన్నిసార్లు ఫెయిర్ ప్లాన్, డీఐసీ కలిపిన దానికంటే మంచి కవరేజీ వస్తుంది. కానీ కంపెనీ దివాలా తీస్తే మామూలు కంపెనీలకి ఉండే రాష్ట్ర గ్యారంటీ నిధి దీనికి ఉండదు. కాబట్టి కంపెనీ ఆర్థిక రేటింగ్ చూసుకోవాలి. చౌకగా ఉందని ఊరూ పేరూ తెలియనిది మాత్రం నేనైతే నా ఇంటికి తీసుకోను.

సామాన్ల గురించి మీరు అడగలేదు కానీ చెప్తా, ఎందుకంటే ఇల్లు పోయిన ఒక క్లయింట్ హోటల్ గదిలో కూర్చుని జాబితా రాయడం పక్కనుండి చూశాను. వంటింటి రెండో అరలో ఏముందో గుర్తురాక ఆయన పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాడు, వాళ్ళావిడేమో ఫోన్‌లో పాత పుట్టినరోజు ఫోటోలు తీసి వెనకాల గోడకి ఏం తగిలించి ఉందో పెద్దది చేసి చూస్తోంది. తాళాలు చేతికొచ్చిన రోజే ఫోన్‌తో ప్రతి గదీ వీడియో తీయండి, అల్మరాలు, డ్రాయర్లు తెరిచి, మెల్లగా, మాట్లాడుతూ. పది నిమిషాల పని. ఆ వీడియో ఇంట్లో కాకుండా క్లౌడ్‌లో పెట్టండి. నగలుంటే పాలసీలో వాటికి విడిగా పరిమితి ఎంతో చూడండి, దొంగతనానికి ఒకలా, నిప్పుకి ఒకలా ఉంటుంది. ఇల్లు కాలాక బయట అద్దెకుండే ఖర్చు ఎన్ని నెలలిస్తారో కూడా అడగండి. ఆ కవరేజీ ఉన్న పాలసీకి, ఎమర్జెన్సీ ప్రకటించిన మంటల్లో కనీసం 24 నెలల వ్యవధి ఇవ్వాలని ఇక్కడి చట్టం, అయితే డాలర్ల పరిమితి ముందే అయిపోతే నెలలు మిగిలినా లాభం లేదు.

ఒక మంచి విషయం: గవర్నర్ ఎమర్జెన్సీ ప్రకటించిన మంట మీ జిప్ కోడ్‌లో గాని పక్క జిప్ కోడ్‌లో గాని వస్తే, ఏడాది పాటు మంటల కారణంగా మీ పాలసీ రద్దు చేయడానికి, రెన్యూ చేయననడానికి వీల్లేదు. ఒక చెడ్డ విషయం: దగ్గర్లో ఎక్కడైనా మంట రగులుతుంటే కంపెనీలు కొత్త పాలసీలు ఇవ్వడం ఆ క్షణమే ఆపేస్తాయి. మీది ఆగస్టు క్లోజింగ్. చివరి రోజు చూద్దాంలే అనుకుంటే, ముప్పై మైళ్ళ అవతల పొగ లేచిన పాపానికి ఎస్క్రో (డబ్బు, కాగితాలు చేతులు మారే ప్రక్రియ) ఆగిపోతుంది, లెండర్ పాలసీ లేకుండా డబ్బు పంపడు.

కాబట్టి రేపు పొద్దున్నే ఫెయిర్ ప్లాన్ కోట్‌ని 8.8 లక్షలకి, రీప్లేస్‌మెంట్ కాస్ట్‌తో, ఆర్డినెన్స్ కవరేజీతో, రెండు రకాల డిడక్టబుల్స్‌తో మళ్ళీ వేయించండి. డీఐసీకి కనీసం ఇద్దరు బ్రోకర్లని అడగండి. శుక్రవారం లోపు రెండూ రాతలో చేతికి రాకపోతే రియల్టర్‌తో చెప్పి కంటింజెన్సీ గడువు ఇంకో వారం పెంచమని అడిగించండి. సెల్లర్ ఒప్పుకోకపోతే, వాడికొచ్చే తర్వాతి కొనుగోలుదారుడికి కూడా ఇదే కోట్ వస్తుందని గుర్తుచేయించండి.